డెస్క్‌టాప్ తేలికైతే సరిపోదు
పాత నెట్‌బుక్‌లో (చిన్న ల్యాప్‌టాప్) ఎల్ఎక్స్‌డీఈ అనే తేలికైన లినక్స్ డెస్క్‌టాప్ వేసుకుంటే చాలు, కొత్తదానిలా పరుగెడుతుందని ఒకరు రాశారు. సగమే ఒప్పుకుంటాను. నా నెట్‌బుక్‌లో ఉన్నది ఇంటెల్ ఆటమ్ ఎన్270 ప్రాసెసర్, 1 జీబీ ర్యామ్. డెస్క్‌టాప్ వరకూ హాయిగానే ఉంటుంది, ఫైల్ మేనేజర్ క్లిక్ చేయగానే తెరుచుకుంటుంది. బ్రౌజర్‌లో మూడు ట్యాబ్‌లు తెరిచామంటే మాత్రం హార్డ్ డిస్క్ లైటు ఆగకుండా మిణుకుమంటుంది, మౌస్ బాణం ఉన్నచోటే ఉండిపోతుంది. ర్యామ్ నిండి స్వాప్‌లోకి, అంటే ర్యామ్ చాలనప్పుడు వాడే హార్డ్ డిస్క్ భాగంలోకి పోయిందన్నమాట! నన్ను ఆదుకున్నది లినక్స్‌లోని జీర్యామ్ (zram). అది డేటాను కుదించి ర్యామ్‌లోనే ఉంచుతుంది, డిస్క్ దాకా వెళ్లాల్సిన పని బాగా తగ్గుతుంది. డెస్క్‌టాప్ మార్చినప్పటికన్నా ఇది పెట్టాకే నాకు ఎక్కువ తేడా తెలిసింది.

ఇంకో మాట తప్పకుండా చెప్పాల్సింది. ఎన్270 32 బిట్ ప్రాసెసర్, 64 బిట్ ఐఎస్ఓ (ఇన్‌స్టాల్ చేసుకునే ఫైలు) దాని మీద నడవనే నడవదు. (తర్వాత వచ్చిన ఎన్450కి ఈ ఇబ్బంది లేదు.) లుబుంటు అనే లినక్స్ 19.04 వెర్షన్ నుంచే 32 బిట్ ఆపేసింది. 2025లో వచ్చిన మరో లినక్స్ డెబియన్ 13కి 32 బిట్ పీసీల ఇన్‌స్టాలర్ లేదు. నేను డెబియన్ 12 మీదే ఉన్నాను. కొత్తగా వేసుకునేవాళ్లు ముందు ప్రాసెసర్ మోడల్ చూసుకోండి, లేకపోతే పెన్‌డ్రైవ్ తయారుచేసిన శ్రమంతా వృథా.

తెర 1024 బై 600 కాబట్టి కొన్ని సెట్టింగ్స్ విండోల్లో ఓకే బటన్ అడుగున దాక్కుంటుంది. ఆల్ట్ నొక్కిపట్టి మౌస్‌తో విండోను పైకి లాగండి, కనిపిస్తుంది.