పదికి ఎన్ని మార్కులు వెయ్యమంటారు, ఫారం గారూ?

మహారాజశ్రీ నర్సింగ్ అసెస్‌మెంట్ ఫారం గారి సముఖమునకు,

పినాకిని రైల్లో నెల్లూరు నుంచి అమ్మను చెన్నై ఆస్పత్రికి తీసుకొచ్చిన కొడుకు రాసుకుంటున్న మనవి. ఇక్కడ అందరం క్షేమం అని మొదలుపెట్టడం ఆనవాయితీ. క్షేమమా కాదా అన్నది తమరి మూడో పేజీలో టిక్కు పెట్టే విషయం కాబట్టి నేను తొందరపడను.

సోమవారం మధ్యాహ్నం తమరి దర్శనానికి రెండున్నర గంటలు కూర్చున్నాం. సరే, ఆస్పత్రి అన్నాక కూర్చోవాలి. అవే ప్రశ్నలకు క్యాజువాలిటీలో ఒకసారి, వార్డులో ఒకసారి, డ్యూటీ డాక్టరుకి ఇంకోసారి జవాబులు చెప్పాం. దానికీ బాధ లేదు, అమ్మ పుట్టినతేదీ ఇన్నాళ్ళకి నాకు నోటికొచ్చింది.

సిస్టర్‌ది తమిళం. తెలుగు రాకపోవడం నేరమేం కాదు, మద్రాసు మనకు కాకుండా పోయి డెబ్బై ఏళ్ళు దాటింది. "తూక్కం ఎప్పడి, పాట్టి?" అని అడిగింది. నిద్ర ఎలా పడుతోందని. అమ్మకు తూకం అని వినబడింది. "యాభై నాలుగు" అంది. అందులో సిస్టర్ చెవికి చేరింది చివరి నాలుగు ఒక్కటే. 'నాలు' అంటే వాళ్ళకీ నాలుగే కాబట్టి నిద్ర 4 గంటలు అని రాసేసుకుంది. తర్వాత "పసి?" అంది. అంటే ఆకలి. "పసిదేం కాదమ్మా, మా మనవరాలికి ఆరేళ్ళొచ్చాయి" అంది అమ్మ. ఈ అర్థాలన్నీ నాకూ తర్వాతే తెలిశాయి. వాంతులు మాత్రం రెండు భాషల్లోనూ వాంతులే, ఆ గడి ఒక్కటీ సవ్యంగా నిండింది.

పడిపోయే గండానికి కూడా తమరి దగ్గర మార్కులున్నాయి. చేతికి డ్రిప్పు ఉన్నందుకు 20, బీపీ అనే రెండో జబ్బుకి 15, గోడా కుర్చీ పట్టుకుని నడిచినందుకు 30. 45కి చేరితే గండం ఎక్కువట. అమ్మ 65 తెచ్చుకుని, ఫస్ట్ క్లాసులో పాసై, చేతికి పసుపు పట్టీ కట్టించుకుంది.

ఇక అసలు సంగతి. నొప్పి.

అమ్మ ముప్ఫై ఒక్కేళ్ళు ఎలిమెంటరీ స్కూల్లో పాఠాలు చెప్పింది. అడిగిందానికి పూర్తి వాక్యంలో జవాబు చెప్పడం ఆవిడకు అలవాటు. సిస్టర్ పొట్ట మీద చెయ్యి పెట్టి చూపించగానే అందుకుంది: "పరగడుపున సన్నగా మంట పుడుతుంది పాపా. నాలుగు ముద్దలు తింటే సర్దుకుంటుంది. మళ్ళీ రాత్రి రెండింటికి పేగు మెలిపెట్టి లేపేస్తుంది, వీపులోకి పోటు." నేను దాన్ని ఇంగ్లీషులోకి మార్చబోతుంటే సిస్టర్ చెయ్యెత్తి ఆపింది. "నంబర్ సార్. జీరో టు టెన్."

మంట, పోటు, సలుపు, తీపు, పీకు, గుంజు. మా దగ్గర ఒక్కో బాధకి ఒక్కో మాటుంది. తమరి దగ్గర పదకొండు అంకెలున్నాయి.

అమ్మ బాగా ఆలోచించి నాలుగంది. ఎందుకమ్మా అని తర్వాత అడిగాను. "పదికి పది నేను ఎవరికీ వెయ్యలేదు నాయనా. పైగా ఆ పిల్ల నిలబడి అడుగుతోంది, ఎక్కువ చెప్తే ఏం బాగుంటుంది?" అంది. సిస్టర్‌కీ అనుమానమొచ్చి మొహాల బొమ్మలు చూపించింది. 1983లో అమెరికాలో పిల్లల కోసం వేసిన ఆరు మొహాలు. చివరి మొహానికి కన్నీళ్ళుంటాయి. "నేనేం ఏడవడం లేదుగా" అని అమ్మ నవ్వు మొహం పక్కదాని మీద వేలు పెట్టింది. అంత బాధ ఉందనడానికి ఏడవనక్కర్లేదని ఆ బొమ్మలతో పాటే సూచన ఇచ్చారు. దాన్ని చదివి వినిపించడానికి తమరిలో గడి లేదు.

మందులేమైనా వాడుతున్నారా? బీపీకి ఒకటి. టిక్కు. మోషన్ నార్మలా? ఈ ప్రశ్న వార్డు మొత్తానికీ వినబడింది. పక్క మంచం వాళ్ళ బావగారు కూడా జవాబు కోసం ఇటు తిరిగారు. నార్మలే అంది అమ్మ. టిక్కు.

రాత్రి డ్యూటీకి వచ్చిన సిస్టర్‌ది గుమ్మిడిపూండి, ఇంట్లో తెలుగే మాట్లాడతారట. వస్తూనే ఫ్లాస్కు నా చేతికిచ్చి, "అన్నా, కింద క్యాంటీన్‌లో వేడినీళ్ళు పట్టుకురండి" అంది. నేను తిరిగొచ్చేసరికి స్టూలు మీద కూర్చుని అమ్మతో కబుర్లు చెబుతోంది. తమరు మంచం కాళ్ళ దగ్గర మూతపడి ఉన్నారు. నీళ్ళు వంక మాత్రమేనని అప్పుడర్థమైంది.

ఆ పిల్ల అడిగింది రెండే. మోకాళ్ళ నొప్పులకి ఏం వేసుకుంటారు? ఎనిమిది నెలలుగా మెడికల్ షాపువాడిచ్చే నొప్పి మాత్ర, పూటకొకటి, ఒక్కోసారి ఖాళీ కడుపునే. డాక్టరు రాయనిది అమ్మ లెక్కలో మందే కాదు. రెండోది, దొడ్డికి ఏ రంగులో అవుతోంది? వారం నుంచీ తారులా నల్లగా. కొడుకు ముందు ఆ మాట ఎలా వస్తుంది?

మర్నాడు ఎండోస్కోపీలో చిన్నపేగు మొదట్లో పుండు కనబడింది, నెత్తురు ఊరుతోంది. ఆ మాత్రల పుణ్యమే అన్నారు.

ఇక తమరూ గిమరూ నా వల్ల కాదు. ఇదిగో, విను. మా అమ్మ తన జబ్బు మొత్తం మధ్యాహ్నమే చెప్పేసింది. పరగడుపున మంట, తింటే తగ్గడం, అర్ధరాత్రి లేపడం. అంతకన్నా ఏం చెప్పాలి? నీ ఆరు పేజీల్లో ఆ నాలుగు మాటలు రాసుకోవడానికి ఒక్క గీత లేదు. లోపల నెత్తురు కారుతుంటే నీ ఒంటి మీద 'నార్మల్' అని టిక్కు! రాత్రి బాగా నిద్రపట్టిందా అని అడగడం దండగ, ఎన్ని గంటలు, ఏయే వేళల్లో అని అడగండి అంటూ నర్సులకు ఆదిగురువు నైటింగేలమ్మ 1859లోనే మొత్తుకుంది. నువ్వింకా అవునా కాదా దగ్గరే ఉన్నావు. పగటి సిస్టర్‌ని నేనేమీ అనను. ఎనిమిది మంచాలు, ఎనిమిది ఫారాలు. నువ్వు నిండకపోతే తిట్లు ఆ పిల్లకి. మా అమ్మ మాట వినకపోతే ఎవరూ ఏమీ అనరు.

ఇవాళ డిశ్చార్జ్. కౌంటర్ దగ్గర ట్యాబ్‌లో నీ తమ్ముడు ఎదురయ్యాడు, ఫీడ్‌బ్యాక్ ఫారం. మళ్ళీ సున్నా నుంచి పది. అమ్మ కళ్ళజోడు తగిలించుకుని రాత్రి సిస్టర్‌కి తొమ్మిదిన్నర అంది. అర ఎందుకు తగ్గించావంటే, "నన్ను వేళకి తినమంది. తను మాత్రం పదకొండైనా డబ్బా విప్పలేదు" అంది. ట్యాబ్‌లో అర పడటం లేదు. తొమ్మిదా పదా చెప్పండని కుర్రాడు బతిమాలుతున్నాడు. అమ్మ ససేమిరా అంటోంది. వెనక లైను లిఫ్టు దాకా పెరిగింది, నేను ఆ లైనుకి వీపు తిప్పి ఇది రాస్తున్నాను.

ఇట్లు,
14వ నంబరు మంచం అటెండర్

తా.క. ఫైలు చేతికిచ్చారు. నిద్ర ఇంకా 4 గంటలే ఉంది. బరువు గడి ఖాళీ.