మంచు సంగతేమో గానీ ఇక్కడే చెమటలు పడుతున్నాయి

జనవరిలో కశ్మీర్‌లోని గుల్మార్గ్ పోయి స్కీయింగ్ (మంచు మీద జారడం) నేర్చుకుందాం రా అని మా ఫ్రెండ్ గాడు అన్న పాపానికి నెల రోజుల్నుంచి నాకు నిద్ర లేదు. పుట్టి బుద్ధెరిగాక మంచు అంటే ఫ్రీజర్‌లో గడ్డకట్టిందే చూసినోణ్ణి, ఇప్పుడు ఎవడికి ఫోన్ చేసినా ఒక్కో రేటు, బూట్లు వేరే, స్కీలు వేరే, జాకెట్ వేరే, నేర్పేవాడు వేరే, అన్నీ కలిపి ఎంత భయ్యా అంటే మాత్రం "మీరు రండి సార్, ఇక్కడ చూసుకుందాం" అంట, అక్కడికొచ్చాక చూసుకునేదేంటి నా బొంద!

పైగా ప్రతివాడూ గండోలా (అక్కడి కేబుల్ కారు) టికెట్ ముందే బుక్ చేసుకో అనేవాడే. అరే, అది సెకండ్ ఫేజ్‌లో, అంటే రెండో దశలో, అఫర్వాత్ కొండ మీద చాలా ఎత్తులో దింపుతుంది, నిలబడ్డమే రానోడు అక్కణ్ణుంచి స్కీల మీద ఎట్లా దిగుతాడ్రా? మొదటి రెండు మూడు రోజులు కిందున్న చిన్న స్లోపుల మీద పడి లేవడమేనని ఒక్కడూ చెప్పడు. మన ప్రీపెయిడ్ సిమ్ కశ్మీర్‌లో పనిచెయ్యదని కూడా నిన్ననే తెలిసింది.

ఇంతా చేసి మంచుకి గ్యారంటీ లేదు, 2024లో జనవరి సగం దాటినా అక్కడ ఎండిపోయిన గడ్డే కనబడింది. ఫ్లైట్ టికెట్ మాత్రం నాన్ రిఫండబుల్.

మా అమ్మేమో రోజూ "మంకీ క్యాప్ కొన్నావా లేదా" అని ఒకటే గోల.