చార్టర్ డబ్బు నీళ్లపాలేనా?

అమెరికాలో ఉంటూ సెయిలింగ్ మరిగిన మనవాళ్ల గ్రూపుల్లో ఒక ఫార్వర్డ్ తిరుగుతోంది. సారాంశం ఇది: తెరచాప పడవను వారానికి వేల డాలర్లు పోసి చార్టర్‌కి, అంటే కొన్నాళ్లకి అద్దెకి, తీసుకోవడం ఇంటద్దె కట్టడం లాంటిది, ఆ డబ్బు నీళ్లపాలే. దాన్నే ఈఎంఐగా కడితే పడవ ఆస్తిగా మిగులుతుంది. చార్టర్ కంపెనీ చేతిలో పెడితే తన ఖర్చు తనే సంపాదించుకుంటుంది. గాలి ఉచితం కాబట్టి నడపడానికి ఖర్చుండదు. సొంత పడవ లేనివాడికి సెయిలింగ్ రాదు. అంత డబ్బు లేదంటారా, పాత పడవ కొనుక్కోండి.

మొదట ఆస్తి సంగతి. ఇంటి విలువ పెరిగిందంటే చాలావరకు పెరిగింది దాని కింది నేల విలువ. పడవ కింద ఉన్నది ఉప్పునీళ్లు. పడుకునే చోటు, వంటగది, టాయిలెట్ ఉన్న పడవను అమెరికా పన్ను చట్టం రెండో ఇల్లుగా ఒప్పుకుంటుందన్న మాట నిజమే. కానీ దానివల్ల దక్కేది అప్పు వడ్డీ మీద పన్ను మినహాయింపు మాత్రమే. అదీ విడివిడి ఖర్చులు చూపకుండా అందరికీ ఇచ్చే స్థిర మినహాయింపు, అంటే స్టాండర్డ్ డిడక్షన్, తీసుకునేవాళ్లకి రాదు. మనలో ఎక్కువమంది తీసుకునేది అదే.

లెక్క వేద్దాం. అంకెలు నేను ఉదాహరణకి తీసుకున్నవి, మీవి మీరు మార్చుకోండి. పడవ ధర 2,00,000 డాలర్లు. 20 శాతం చేతి నుంచి కట్టి, మిగతా 1,60,000 మీద 8 శాతం వడ్డీతో 20 ఏళ్ల అప్పు. మొదటి ఏడాది వడ్డీయే దాదాపు 12,700. నిర్వహణకి ఏడాదికి పడవ ధరలో 10 శాతం అవుతుందని పడవలవాళ్లు నోటి లెక్కగా చెబుతారు, అంటే 20,000. తరుగుదలను పక్కన పెట్టినా 32,700. అలాంటి పడవ చార్టర్ వారానికి 7,000 అనుకుంటే, ఏడాదికి ఐదు వారాలు సముద్రం మీద గడిపితే తప్ప సొంత పడవ గిట్టదు. మూడు వారాల సెలవులో సగం హైదరాబాద్ ప్రయాణానికే పోయే ఉద్యోగికి ఆ ఐదు వారాలు ఎక్కడివి?

పడవే సంపాదిస్తుందన్న మాట మీద కాస్త ఎక్కువసేపు ఆగాలి, ఎందుకంటే ఇది పూర్తి అబద్ధం కాదు. కరీబియన్ సముద్రంలోని బ్రిటిష్ వర్జిన్ దీవుల్లో ఉన్న టోర్టోలా లాంటి చోట్ల పెద్ద చార్టర్ కంపెనీలు మీ చేత కొత్త పడవ కొనిపించి, సుమారు ఐదేళ్లు తమ ఫ్లీట్‌లో నడుపుకుంటాయి. మెరీనా (పడవలు కట్టేసే రేవు) అద్దె, ఇన్సూరెన్స్, రిపేర్లు వాళ్లవే. మీకు నెలనెలా కొంత సొమ్ము, ఏడాదికి కొన్ని వారాల వాడకం ఇస్తాయి.

రెండు పడవలు పక్కపక్కనే కలిపినట్టుండే 5,00,000 డాలర్ల కాటమరాన్ మీద ఏడాదికి 9 శాతం ఇస్తారనుకుందాం. నెలకి 3,750. మీరు లక్ష కట్టి, 4 లక్షలు అవే షరతులతో అప్పు తెచ్చారు, కిస్తీ 3,346. ప్రతి నెలా 400 మిగులుతుంది! ఫార్వర్డ్ ఇక్కడితో ఆగింది. ఐదేళ్ల తర్వాత చూడండి: అప్పు ఇంకా 3,50,000 ఉంటుంది. వారం వారం కొత్త చేతుల్లో తిరిగి, ఇంజిన్ గంటలు బాగా ఎక్కిన పడవ 60 శాతానికి, అంటే 3 లక్షలకి అమ్ముడుపోయిందనుకుందాం. బ్రోకర్ కమిషన్ సాధారణంగా 10 శాతం. చేతికి వచ్చేది 2,70,000, బ్యాంకుకి జేబులోంచి ఇంకో 80,000. మొదట కట్టిన లక్ష కలిపి, నెలనెలా మిగిలింది తీసేస్తే 1,56,000 పోయినట్టు. ఏడాదికి 31,000 పైనే. ఏటా మూడు వారాలే వాడుకున్నారా, వారానికి పదివేలు దాటింది. సీజన్ కాని నెలల్లో ఆ డబ్బుకి అలాంటి పడవ అద్దెకే దొరుకుతుంది. పది వారాలు వాడుకోగల రిటైరైన దంపతులకి మాత్రం ఇది నిజంగా మంచి బేరం. దీన్ని ముందే డబ్బు కట్టి కొన్న సెలవులు అనండి, ఒప్పుకుంటాను. ఆదాయం అనకండి.

ఇంకో సంగతి ఆ ఫార్వర్డ్‌లో ఎక్కడా లేదు. 2017 సెప్టెంబర్ 6న ఇర్మా తుఫాను అన్నిటికన్నా తీవ్రమైన ఐదో కేటగిరీ బలంతో బ్రిటిష్ వర్జిన్ దీవుల మీద విరుచుకుపడింది. తుఫాను నుంచి రక్షణకని టోర్టోలాలోని పారకీటా బేలో కట్టేసిన చార్టర్ పడవలు ఒకదాని మీద ఒకటి గుట్టలుగా పడ్డాయి. అద్దెకి తీసుకునేవాడికి అది రద్దయిన సెలవు. యజమానికి నెలల తరబడి ఇన్సూరెన్స్ టెన్షన్. అక్కడ తుఫాన్ల సీజన్ జూన్ 1 నుంచి నవంబర్ 30 దాకా. అంటే ఏడాదిలో సగం.

గాలి ఉచితం, నిజమే. గాలిని పట్టే తెరచాప ఉచితం కాదు. మెరీనాలో చోటుకి అడుగుల లెక్కన అద్దె. పాచి, నత్తగుల్లలు పట్టకుండా పడవను ఒడ్డుకెత్తి అడుగుకి మందు రంగు వేయించాలి. మాస్ట్‌ని, అంటే తెరచాప స్తంభాన్ని, నిలబెట్టే స్టీలు తీగలు పదీ పదిహేనేళ్లకి మార్చాల్సిందే, చూడ్డానికి బాగున్నా ఇన్సూరెన్స్ వాళ్లు ఊరుకోరు. బ్యాటరీలు, టాయిలెట్ పంపు సరేసరి. ఆ పంపు బాగుచేయడం ఎంత రోత పనో చేసినవాళ్లని అడగండి. పైగా గాలి పడిపోయిన రోజున డీజిలే దిక్కు.

సొంత పడవ లేకపోతే సెయిలింగ్ రాదన్న మాట దగ్గర నాకు నవ్వొచ్చింది. 2017 సెప్టెంబర్ 10న గోవా నుంచి బయల్దేరి, ప్రపంచం చుట్టి 2018 మే 21న తిరిగొచ్చిన ఐఎన్‌ఎస్‌వీ తారిణి సిబ్బంది ఆరుగురిలో విశాఖపట్నం అమ్మాయి పాతర్లపల్లి స్వాతి, హైదరాబాద్ అమ్మాయి బొడ్డపాటి ఐశ్వర్య ఉన్నారు. ఆ పడవ నౌకాదళానిది. చార్టర్‌కి తీసుకునేవాడికీ పని రావాల్సిందే: గ్రీస్, క్రొయేషియాల్లో లైసెన్సు చూపించకుండా బేర్‌బోట్, అంటే కెప్టెన్ లేకుండా పడవ, మీ చేతికివ్వరు. క్రొయేషియాలో పడవల మధ్య మాట్లాడుకునే వీహెచ్ఎఫ్ రేడియో వాడటానికి సర్టిఫికెట్ కూడా అడుగుతారు.

అయితే యజమానికి రెండు విషయాల్లో పైచేయి ఉంది, దాచడం ఎందుకు? ఇంజిన్ మొరాయిస్తే చార్టర్ తీసుకున్నవాడు కంపెనీకి ఫోన్ చేస్తాడు, యజమాని మూత తీసి చూస్తాడు. నాలుగేళ్లలో సగం మెకానిక్ అయిపోతాడు. రెండోది గడువు. చార్టర్ సాధారణంగా శనివారం నుంచి శనివారం, చాలాచోట్ల శుక్రవారం సాయంత్రానికే పడవ బేస్‌కి చేరాలి. జూలై, ఆగస్టుల్లో గ్రీస్ పక్కనున్న ఏజియన్ సముద్రం మీద మెల్టెమీ అనే ఉత్తరపు గాలి రోజుల తరబడి వీస్తుంది. సొంత పడవ ఉన్నవాడు రేవులో కాఫీ తాగుతూ గాలి తగ్గేదాకా ఆగగలడు. గడువు తరుముతున్నవాడు పోకూడని రోజున బయల్దేరతాడు. ప్రమాదానికి ఇంతకన్నా మంచి దారి లేదు. చార్టర్ ఖర్చు గురించి గుండెలు బాదుకున్న ఆ ఫార్వర్డ్, చార్టర్‌లో ఉన్న ఈ అసలు లోపాన్ని పట్టించుకోనేలేదు.

పాత పడవ సలహా మరీ తప్పేమీ కాదు. 1980ల నాటి ఫైబర్‌గ్లాస్ పడవల్లో గట్టివి ఉన్నాయి. కాకపోతే కొనే ముందు సర్వేయర్ (పడవల స్థితిని పరీక్షించే నిపుణుడు) చేత చూపించండి, ఇన్సూరెన్స్‌కి ఎలాగూ ఆ రిపోర్టు అడుగుతారు. తెరచాపలు, తీగలు, ఇంజిన్ మార్చాల్సి వస్తే ఆ ఖర్చు కొన్న ధరని మించిపోవచ్చు. శాన్ ఫ్రాన్సిస్కో బే లాంటి చోట నెలవారీ చందాతో పడవలిచ్చే సెయిలింగ్ క్లబ్బులున్నాయి. నలుగురు కలిసి ఒక పడవ కొనుక్కునే పద్ధతీ ఉంది, రాతపూర్వక ఒప్పందం మాత్రం ముందే రాసుకోవాలి: ఎవరికి ఏ వారాలు, రిపేరు ఎవరు చేయించాలి, ఒకరు తప్పుకుంటే వాటా ధర ఎలా కట్టాలి.