హార్మోన్ల పేరుతో అమ్మే బ్రెడ్, తూకం వేసి ఇంట్లో చేసుకునే బ్రెడ్

"హార్మోన్లను సమతుల్యం చేసే బ్రెడ్" అని అచ్చు వేసిన పొట్లం కనిపించినప్పుడల్లా నాకు కోపం వస్తుంది. అండాశయాల పనినీ హార్మోన్లనూ దెబ్బతీసే పీసీఓఎస్‌తోనూ, మధుమేహం అంచుదాకా వచ్చి ఆగిన షుగర్‌తోనూ ఏళ్ల తరబడి నెట్టుకొస్తున్న మనిషిగా చెబుతున్నాను: ఏ బ్రెడ్డూ హార్మోన్లను సరిచేయదు. మంచి బ్రెడ్ చేయగలిగిందల్లా, తిన్న తర్వాత రక్తంలో చక్కెరను ఒక్కసారిగా ఎగదోయకుండా ఉండటమే. నాలాంటి వారికి ఆ ఒక్క పని చేసిపెట్టినా ఎంతో మేలు. అయితే ఆ పని అది నిజంగా చేస్తోందా అన్నది తేలాలంటే అందులో ఏ పిండి ఎన్ని గ్రాములు పడిందో తినేవారికి తెలియాలి. ఇంట్లోనే చేసుకోండని నేను ఇంత గట్టిగా చెప్పడానికి కారణం అదే.

చక్కెరకూ హార్మోన్లకూ మధ్య లంకె ఇన్సులిన్. పీసీఓఎస్ ఉన్న చాలామందిలో శరీర కణాలు ఇన్సులిన్‌కు సరిగా స్పందించవు కాబట్టి క్లోమం ఇంకా ఎక్కువ ఇన్సులిన్‌ను స్రవిస్తుంది. అలా పెరిగిన ఇన్సులిన్ ఒకవైపు అండాశయాల చేత ఆండ్రోజెన్లను, అంటే టెస్టోస్టెరాన్ లాంటి పురుష హార్మోన్లను, ఎక్కువగా తయారుచేయిస్తుంది, మరోవైపు టెస్టోస్టెరాన్‌ను పట్టి ఉంచే ఎస్‌హెచ్‌బీజీ అనే ప్రొటీన్ కాలేయంలో తయారుకావడాన్ని తగ్గిస్తుంది, దాంతో పట్టు లేని టెస్టోస్టెరాన్ రక్తంలో పెరుగుతుంది. నెలసరి తప్పడం, మొటిమలు, గడ్డం మీద వెంట్రుకలు, వీటన్నిటి వెనకా ఈ గొలుసు ఉంటుంది. టొరంటోలో డేవిడ్ జెంకిన్స్ బృందం 1981లో ప్రతిపాదించిన గ్లైసీమిక్ సూచికలో, అంటే ఏ ఆహారం రక్తంలో చక్కెరను ఎంతగా పెంచుతుందో చెప్పే కొలమానంలో, గ్లూకోజ్‌ను 100గా తీసుకుంటే, మైదాతో చేసిన తెల్ల బ్రెడ్ 75 దగ్గర నిలుస్తుంది. ఇన్సులిన్‌తో ఇప్పటికే ఇబ్బంది పడుతున్న ఒంటికి రోజూ పొద్దున్నే అలాంటి బ్రెడ్ పెట్టడం ఎంతవరకు సబబో ఆలోచించండి.

నేను చాలాకాలం ముదురు గోధుమ రంగులో ఉండే, పైన గింజలు చల్లిన ఒక బ్రెడ్‌ను మంచిదని నమ్మి తిన్నాను. ఒకరోజు రెండు ముక్కలు తిని, గంట తర్వాత గ్లూకోమీటర్‌తో చూసుకుంటే 182 వచ్చింది. అప్పుడు పొట్లం వెనక్కి తిప్పి చదివాను. పదార్థాల పట్టికలో ఎక్కువ బరువున్నది ముందు రాస్తారు కదా, అక్కడ మొదటి పేరు మైదా, చివరి పేర్లలో ఒకటి కారమెల్ రంగు. నన్ను ఎవరూ బలవంతం చేయలేదన్నది నిజమే, కానీ ఆరోగ్యం బాగాలేని మనిషి ఆశతో కొనే వస్తువు మీద రంగుతో నమ్మకం పుట్టించడం తప్పని ఇప్పటికీ అంటాను.

ఇక నేను చేసుకునే బ్రెడ్ సంగతి. చిన్న డిజిటల్ కాటా మీద గిన్నె పెట్టి 150 గ్రాముల బాదం పిండి, 50 గ్రాముల అవిసె గింజల పొడి, 40 గ్రాముల మెత్తని ఇసబ్‌గోల్ పొడి, రెండు చెంచాల బేకింగ్ పౌడర్, ఒక చెంచా ఉప్పు వేసి బాగా కలుపుతాను. మూడు గుడ్ల తెల్లసొన, రెండు చెంచాల వెనిగర్ చేర్చి, చివరగా 300 మిల్లీలీటర్ల వేడినీళ్లు పోస్తూ ఆపకుండా కలుపుతాను. మొదట అది గంజిలా జారుతుంది, రెండు నిమిషాలకు ఇసబ్‌గోల్ నీటిని పీల్చుకుని ముద్ద కడుతుంది, ఐదు నిమిషాలకు తడిచేతికి అంటుకోకుండా ఆకారం నిలబెట్టుకుంటుంది. గోధుమలో గ్లూటెన్ చేసే పనిని, అంటే గాలి బుడగలను లోపల పట్టి ఉంచే పనిని, ఇక్కడ ఆ జిగురూ తెల్లసొనా కలిసి చేస్తాయి. ఇసబ్‌గోల్‌ను చెంచాతో కొలిస్తే ఒక్కోసారి ఒక్కో రకంగా వస్తుంది, అందుకే తూకం వేయక తప్పదు. 175 డిగ్రీల ఓవెన్‌లో గంటకు పైగా ఉంచాలి. బాదం పిండి తొందరగా మాడుతుంది కనుక నలభై నిమిషాల తర్వాత పైన అల్యూమినియం ఫాయిల్ కప్పుతాను.

నా మొదటి మూడు బ్రెడ్లూ లోపల బంకగానే ఉండిపోయాయి. వేడి మీద కోయడం ఒక తప్పు, పైభాగం ఎర్రబడగానే బయటికి తీయడం ఇంకో తప్పు. ఇప్పుడు థర్మామీటర్ గుచ్చి, మధ్యలో 96 డిగ్రీలు దాటాకే తీసి, జాలీ మీద పూర్తిగా చల్లారేదాకా, కనీసం రెండు గంటలు, కత్తి పెట్టను. ఒకసారి లోపలంతా వంగపండు రంగులోకి మారితే పాడైందనుకుని పారేశాను. కొన్ని రకాల ఇసబ్‌గోల్ కాల్చినప్పుడు అలా రంగు మారుతుందనీ, దానివల్ల హాని లేదనీ తర్వాత తెలిసింది.

పన్నెండు ముక్కలుగా కోస్తే, పీచును మినహాయించి ఒక్కో ముక్కలో పిండిపదార్థం రెండు గ్రాముల లోపే ఉంటుంది. మామూలు బ్రెడ్ ముక్కలో అది దాదాపు 14 గ్రాములు. ఈ బ్రెడ్ రెండు ముక్కలు తిన్న రోజు గంట తర్వాత నా రీడింగ్ 118. అది నా ఒంటి లెక్క, మీ లెక్క మీ మీటరే చెప్పాలి. కేలరీల విషయంలో మాత్రం భ్రమ వద్దు: బాదం వల్ల ఒక్కో ముక్కకు దాదాపు 100 కేలరీలు ఉంటాయి, అంటే మామూలు ముక్క కన్నా ఎక్కువే. పీసీఓఎస్‌లో అధిక బరువు ఉన్నవారు 5 నుంచి 10 శాతం తగ్గినా నెలసరి మెరుగుపడే అవకాశం ఉంటుంది కాబట్టి, షుగర్ పెరగదు కదా అని అరడజను ముక్కలు తినేయడం సరికాదు.

మందుల సంగతి అన్నిటికన్నా ముఖ్యం. ఇన్సులిన్ గానీ గ్లిమెపిరైడ్ లాంటి మాత్రలు గానీ వాడేవారు మోతాదు మార్చకుండా పిండిపదార్థాన్ని ఒక్కసారిగా తగ్గిస్తే షుగర్ ప్రమాదకరంగా పడిపోవచ్చు. డాక్టరుతో మాట్లాడిన తర్వాతే మొదలుపెట్టాలి. ఇసబ్‌గోల్ కొన్ని మందులు ఒంటికి పట్టకుండా అడ్డుపడుతుంది, థైరాయిడ్ మాత్ర కూడా అందులో ఉంది, కాబట్టి మాత్రకూ ఈ బ్రెడ్‌కూ మధ్య ఎంత వ్యవధి ఉండాలో అడిగి తెలుసుకోవాలి. బాదంలో ఆక్సలేట్ ఎక్కువ కనుక మూత్రపిండాల్లో రాళ్లున్నవారూ ముందే అడగాలి. ఇంత పీచు అలవాటు లేని కడుపుకు మొదటి వారం రోజుకు ఒక ముక్క చాలు, నీళ్లు మాత్రం బాగా తాగాలి.

బ్రెడ్ చల్లారాక ముక్కలు కోసి, మధ్యలో కాగితం పెట్టి ఫ్రీజర్‌లో ఉంచుతాను. తినాలనుకున్నప్పుడు ఒక్క ముక్క తీసి నేరుగా టోస్టర్‌లో పెడితే అంచులు కరకరలాడతాయి, లోపలి తడి చాలావరకు పోతుంది. వచ్చేసారి అవిసె పొడిని 30 గ్రాములకు తగ్గించి చూడాలని ఉంది, ఎందుకంటే దాని చేదు ఇప్పటికీ నా నాలుకకు తెలుస్తోంది.