ఫీల్డ్‌వర్క్ గంటల పట్టిక గారికి

మహారాజశ్రీ గంటల పట్టిక గారి దివ్యసముఖమునకు, ఒక మాజీ సోషల్ వర్క్ విద్యార్థిని నమస్కరించి రాయునది.

ఉభయకుశలోపరి అని మొదలుపెట్టడం మర్యాద. కానీ తమరితో నాకు పరిచయమైన రోజుల్లో ఆ మాట రాయడానికి ఎవరికీ ధైర్యం చాలేది కాదు. తమరొక్కరే కులాసాగా ఉండేవారు. చదువులో భాగంగా సంస్థల్లో శిక్షణ పొందుతూ మేం చేసే పనే ఫీల్డ్‌వర్క్, అందులో ప్రతి గంటా తమరిలో నమోదు కావాల్సిందే. తేదీ, మొదలు, ముగింపు, మొత్తం గంటలు, కార్యకలాపం, సూపర్‌వైజర్ సంతకం. మహమ్మారి లోకాన్ని తలకిందులు చేసింది గానీ తమరి ఆరు గడుల్లో ఒక్క గీతను కూడా కదపలేకపోయింది.

2020 మార్చి 11న ప్రపంచ ఆరోగ్య సంస్థ కోవిడ్‌ను మహమ్మారిగా పేర్కొంది. ఆరు రోజులు తిరక్కుండానే, 17న, ప్రపంచ సోషల్ వర్క్ దినోత్సవం వచ్చింది. ముందే ఖరారైన ఆ ఏటి నినాదం మానవ సంబంధాల ప్రాముఖ్యాన్ని పెంపొందించడం. మనిషికి మనిషే దిక్కని ఒక చేత్తో, మనిషికి దూరంగా జరగమని ఇంకో చేత్తో రాయించిన వారం అది. కళాశాల మూశారు, మేం వెళ్లే సంస్థలు తలుపులు వేసుకున్నాయి. ఇల్లు కదలొద్దన్నారు, గంటలు మాత్రం నింపమన్నారు. ఎలా నింపాలో తమరు చెప్పలేదు. అడగడమే తప్ప చెప్పడం తమరి స్వభావం కాదు కదా.

అలా నా ఫీల్డ్‌వర్క్ స్నానాలగదికి మారింది. క్లయింటు, అంటే మా సాయం పొందే మనిషి, చెప్పే మాటలు మూడో చెవిన పడకూడదని గోప్యత పాఠంలో నేర్చుకున్నాం. మా ఇంట్లో గడియ ఉన్న తలుపు అదొక్కటే. బకెట్ బోర్లించుకుని దాని మీద కూర్చుని, ఒంటరిగా ఉంటున్న ఒక పెద్దావిడకు వారానికి రెండుసార్లు ఫోన్ చేసేదాన్ని. మొదటి రోజే ఆవిడ, "ఏమ్మా, బావిలోంచి మాట్లాడుతున్నావా?" అని అడిగింది. కాదండీ, కార్యాలయం నుంచి అన్నాను. నా వృత్తి జీవితంలో మొదటి అబద్ధం తమరి ఖాతాలోనే జమ చేసుకోండి.

మూడో వారంలో ఒకరోజు, ఎలా ఉన్నారని అడగ్గానే ఆవిడ మాట ఆగిపోయింది. అవతల రేడియోలో వార్తలు చదువుతున్నారు. అంకెలు వచ్చాయి, వాతావరణం వచ్చింది, తర్వాత ఏదో వాద్య సంగీతం. ఎదుటివాళ్ల మౌనాన్ని మన మాటలతో పూడ్చేయకూడదని తరగతిలో చెప్పారు. నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని కుళాయి చుక్కలు లెక్కబెడుతూ కూర్చున్నాను. పదకొండు నిమిషాలకు ఆవిడ, "ఉన్నావా?" అంది. "ఉన్నానండీ." "సరే, ఉంటా మరి" అని పెట్టేసింది.

ఆ రాత్రి తమరిని తెరిచాను. కార్యకలాపం అన్న గడిలో ఏం రాయాలి? కౌన్సెలింగ్ కాదు, సమాచారం ఇవ్వడం కాదు. "టెలిఫోన్ పరామర్శ, 0.25 గంట" అని రాశాను. తమరి దగ్గర పావుగంటకు తక్కువ నాణెం చెల్లదు కాబట్టి నాలుగు నిమిషాలు నాకే కలిసొచ్చాయి. దానం కాదనను. సూపర్‌వైజర్ పక్కన ఎర్ర అక్షరాలతో ప్రశ్న వేశారు: "ఈ సమయంలో మీరు చేసిన జోక్యం ఏమిటి?" మా పరిభాషలో జోక్యమంటే క్లయింటు మేలు కోసం కావాలని చేసే పని. జోక్యం చేసుకోకపోవడమే నా జోక్యమని రాద్దామంటే గడిలో చోటు చాలలేదు.

తమరికి దేశదేశాల్లో బంధుగణం ఉందని తర్వాత తెలిసింది. అమెరికాలో మాస్టర్స్ విద్యార్థికి కనీసం 900 గంటలు, ఆస్ట్రేలియాలో 1000. ఇంగ్లండ్‌లో తమరి అన్నగారు గంటలతో సరిపెట్టుకోక రోజులే అడుగుతారు, 200. ఆ వసంతంలో అమెరికాలో సోషల్ వర్క్ కోర్సులకు గుర్తింపునిచ్చే మండలి దయతలచి, ఆ గంటల్లో 85 శాతం చేస్తే చాలంది. అంటే 765. ఎంతోమందిని గట్టెక్కించిన నిర్ణయమే, ఎగతాళి చేయను. కానీ ప్రళయానికి 15 శాతం తగ్గింపు అని ఎవరు కొలిచారో, ఏ కొలబద్దతో కొలిచారో అని ఇప్పటికీ ఆశ్చర్యమే. 1889లో, సోషల్ వర్క్‌కు బాట వేసినవారిలో ఒకరైన జేన్ ఆడమ్స్ షికాగోలో హల్ హౌస్ అనే సేవాకేంద్రం తెరిచి వలస కుటుంబాల మధ్య కాపురం పెట్టారు. పొరుగువాళ్ల గుమ్మం తొక్కినప్పుడల్లా ఆవిడ దశాంశాల్లో లెక్క రాసుకున్నట్టు మాత్రం మా పాఠాల్లో ఎక్కడా చెప్పలేదు.

ఇక ప్రపంచస్థాయి అభ్యసనం. నాలుగు దేశాల విద్యార్థులను ఒక తెర మీద కూర్చోబెట్టారు. ఒకరికి తెల్లవారుజాము, ఒకరికి నడిరాత్రి. ప్రపంచమంతా ఒకే కుటుంబం అనడం తేలిక, కుటుంబమంతా ఒకేసారి మెలకువగా ఉండటమే కష్టం. మొదటి ఉమ్మడి అంశం డిజిటల్ అంతరం, అంటే ఫోనూ ఇంటర్నెట్టూ అందేవాళ్లకూ అందనివాళ్లకూ మధ్య ఉన్న ఎడం. దాని గురించి మా అందరికంటే బాగా తెలిసిన కుర్రాడు, ఇంట్లో ఉన్న ఒకే ఫోన్‌ను ఇద్దరు చెల్లెళ్లతో పంచుకునేవాడు, "మా ఇంట్లో..." అని మొదలుపెట్టి మాయమయ్యాడు. సిగ్నల్ పోయింది. అతను లేని గుంపులో మేం ఆ అంతరం మీద నలభై నిమిషాలు చర్చించి పన్నెండు స్లయిడ్లు తయారుచేశాం. మాకు తలా 1.5 గంట. అతనికి గైర్హాజరు.

విద్యార్థులకు అండ కూడా దండిగానే దొరికింది. స్వీయ సంరక్షణ మీద వెబినార్ పెట్టారు, హాజరు తప్పనిసరి. ఆపైన స్వీయ సంరక్షణ ప్రణాళిక రాసి శుక్రవారం సాయంత్రం అయిదింటిలోగా పంపాలన్నారు, ఆలస్యమైతే మార్కులు కోత. ఆ వారం ఇంట్లో ఇద్దరికి జ్వరం. "నిద్రపోవాలి" అని ఒక్క ముక్క రాసి పంపాను. "లక్ష్యం కొలవదగినదిగా లేదు, సవరించి పంపండి" అని తిరిగొచ్చింది. ఇదంతా తమరి పెంపకమే అనిపించింది.

మాకు నిజంగా దన్నుగా నిలిచిన దాన్ని ఎవరూ ఏర్పాటు చేయలేదు. ఉమ్మడి తరగతి అయ్యాక ఒకమ్మాయి లింకు మూయడం మరచిపోయింది. మేం నలుగురం అలాగే ఉండిపోయాం. ఎవరూ మాట్లాడలేదు. ఒకరు బట్టలు మడతపెట్టుకున్నారు, ఒకరు వ్యాసం రాసుకున్నారు, ఒకరు బల్ల మీద తల వాల్చి నిద్రపోయారు. మర్నాడు మళ్లీ వచ్చాం. రెండో వారానికి ఆ కుర్రాడు కూడా చేరాడు, చెల్లెళ్లు పడుకున్నాక, వీడియో లేకుండా, పేరు మాత్రం కనిపిస్తూ. తోటి విద్యార్థుల పరస్పర సహాయం కింద ఈ సమయాన్ని లెక్కలో వేస్తారా అని దరఖాస్తు చేస్తే, ఎజెండా, మినిట్స్ జతచేయమని జవాబు వచ్చింది. నిద్రపోయినామె పేరిట ఏ తీర్మానం రాయాలో తోచక ఊరుకున్నాం.

అలాగని తమరి మీద నాకు పగ లేదు. తమరు లేకపోతే మమ్మల్ని జీతంలేని పనికి ఎంతకాలమైనా వాడుకునే సంస్థలు లేకపోలేదు. ఫలానా అంకె దగ్గర ఆగమని చెప్పేది తమరే, అందుకు రుణపడి ఉంటాను. నా మనవి మాత్రం ఒక్కటే. కార్యకలాపం గడిని కాస్త వెడల్పు చేయించుకోండి. వీలైతే పదకొండు నిమిషాలను పదకొండు నిమిషాలుగానే రాయనివ్వండి.

ఇట్లు,
తమ విధేయురాలు
(సూపర్‌వైజర్ సంతకం పెండింగ్‌లో ఉంది)

తా.క. ఆ లింకు ఇంకా పనిచేస్తోంది. నిన్న రాత్రి ముగ్గురం ఉన్నాం. ఆ కుర్రాడు వీడియో పెట్టాడు, గోడ మీద చెల్లెలి డిగ్రీ పట్టా కనిపించింది.