ఆ కప్పు స్టార్‌బక్స్‌ది కాదు, జేమీకి చెయ్యీ మొలవలేదు

ఏడాదికి రెండుసార్లయినా మా ఫ్యామిలీ గ్రూపులో ఈ పోస్టు తిరిగొస్తుంది. ఫోటో ఎప్పుడూ ఒకటే. గేమ్ ఆఫ్ థ్రోన్స్ అనే రాజుల కథల ఇంగ్లీషు సిరీస్‌లోది: వింటర్‌ఫెల్ కోటలో విందు బల్ల, దాని వెనక తెల్లజుట్టు రాణి డెనేరిస్, ఆమె ముందు మూత ఉన్న కాగితం కప్పు, కప్పు చుట్టూ ఎర్ర సున్నా. కింద రాసే రాత మాత్రం వచ్చిన ప్రతిసారీ ఒక పేరా పెరుగుతుంది. ఈ మధ్య వచ్చిన దాని సారాంశం ఇదీ: "గేమ్ ఆఫ్ థ్రోన్స్‌లో స్టార్‌బక్స్ కప్పు! ఎపిసోడ్‌కి కోటిన్నర డాలర్లు తగలేసినా ఒక్కడికీ కనపడలేదు. నిజానికి కావాలనే పెట్టారు, కంపెనీకి 230 కోట్ల డాలర్ల లాభం. కప్పు హీరోయిన్‌దే. అదే సీజన్లో జేమీకి తెగిన చెయ్యి మళ్లీ మొలిచింది. ఫ్రెండ్స్‌లో అయితే హీరోయిన్ బదులు వేరే ఆవిడ కూర్చుంది. ఇంగ్లీషు సిరీస్‌లు గొప్ప అనేవాళ్లు చూసుకోండి."

నేను ఇలాంటివి వెతికే మనిషినే. ఎవరి గ్లాసులో ద్రాక్షసారా ఏ షాట్‌లో ఎంత ఉందో నోట్సు రాసుకున్న రోజులున్నాయి. ఇంట్లోవాళ్లు నాతో కూర్చుని ఏదీ చూడరు, ప్రతి రెండు నిమిషాలకీ పాజ్ కొడతానని. కాబట్టి తప్పులు పట్టుకున్నందుకు నాకు కోపం లేదు. తప్పుగా పట్టుకున్నందుకే.

ముందు ఆ స్టార్‌బక్స్ సంగతి. 8వ సీజన్ 4వ ఎపిసోడ్ 2019 మే 5న అమెరికాలో వచ్చింది, మనకి మర్నాడు సోమవారం పొద్దున్నే. 17 నిమిషాలు దాటాక రెండు మూడు సెకన్లు కనిపిస్తుంది కప్పు. అది సెట్‌లో అందరికీ కాఫీ, టీ, చిరుతిళ్లు అందించే వాళ్ల దగ్గరిది. మన షూటింగుల్లో "ప్రొడక్షన్ టీ" అంటామే, ఆ లెక్కన్న మాట. స్టార్‌బక్స్ అన్న కాఫీ కంపెనీ పేరు చూసినవాళ్ల బుర్రల్లోంచి వచ్చింది. మూత ఉన్న కాగితం కప్పు కనపడితే చాలు, జిరాక్స్ అన్నట్టే ఆ పేరు నోట్లోకి వచ్చేస్తుంది. పైగా ఆ కంపెనీ కాదనకుండా, ఆమె తమ డ్రాగన్ డ్రింక్ ఆర్డర్ చెయ్యకపోవడమే ఆశ్చర్యంగా ఉందని ట్విట్టర్లో జోకేసింది. సిరీస్‌ని ప్రసారం చేసిన హెచ్‌బీఓ ఛానెల్ కూడా తక్కువ తినలేదు: "ఎపిసోడ్‌లో కనిపించిన లాటే కాఫీ పొరపాటు, డెనేరిస్ హెర్బల్ టీ ఆర్డర్ చేసింది" అని ప్రకటన ఇచ్చింది. ఆ ప్రకటనలో పొరపాటు అన్న మాటొక్కటే సీరియస్‌ది. మిగతా సగం హాస్యం. దాన్నే రుజువుగా పెట్టుకుని తిరుగుతున్నారు మనవాళ్లు.

ఇక 230 కోట్ల డాలర్లు. అంకె కల్పించింది కాదు, అప్పట్లో వార్తల్లో వచ్చిందే. ఒక మార్కెటింగ్ సంస్థ వేసిన అంచనా అది. ఆ కొద్ది రోజుల్లో టీవీల్లో, రేడియోల్లో, నెట్‌లో ఆ పేరు వినపడినంత ప్రచారాన్ని డబ్బులిచ్చి కొనుక్కోవాలంటే ఎంతవుతుంది అన్న లెక్క. మన ఊళ్లో పెళ్లికి మంత్రి వస్తే, ఆ జనాన్ని పోగెయ్యడానికి ఎంత ఖర్చయ్యేదో లెక్కేసి పెళ్లివారికి అంత మిగిలింది అన్నట్టు. ఒక్క డాలరు కూడా చేతులు మారలేదు. ఆ అంచనాని రాసిన వార్తలోనే కప్పు ఆ కంపెనీది కాదని కూడా ఉంది. ఫార్వర్డ్ చేసేవాడు అంత దూరం చదవడు.

కావాలని పెట్టారన్న వాదన అక్కడే పడిపోతుంది. డబ్బు తీసుకుని పెట్టిన వస్తువైతే పేరు కనపడేలా పెడతారు గానీ ఏ కంపెనీదో ఎవరికీ తెలియని కప్పు పెట్టరు. రెండు రోజుల్లో దాన్ని డిజిటల్‌గా చెరిపేసి ఎపిసోడ్‌ని మళ్లీ ఎక్కించనూ ఎక్కించరు. ఇప్పుడు వెళ్లి అదే ఎపిసోడ్ తెరవండి, బల్ల మీద కప్పు ఉండదు. ఎర్ర సున్నా ఫోటోలో తప్ప ఆ కప్పు ఇప్పుడు ఎక్కడా లేదు.

అసలు విషయం తర్వాతిది: "ఒక్కడికీ కనపడలేదా, గుడ్డివాళ్లా?"

ఆ షాట్‌లో ఏం జరుగుతోందో గుర్తు తెచ్చుకోండి. యుద్ధం గెలిచి అందరూ తాగుతున్నారు. టార్మండ్ అనే యోధుడు గొంతు చించుకుని తన స్నేహితుడు జాన్‌ని పొగుడుతున్నాడు, డ్రాగన్ ఎక్కినవాడు, వీడూ రాజంటే అని. అదే డ్రాగన్ల మీద ఏళ్ల తరబడి తిరిగిన డెనేరిస్ పక్కనే ఒంటరిగా కూర్చుని అది వింటోంది. తర్వాత ఆమె చేసే ఘోరాలన్నిటికీ విత్తనం ఆ మొహంలో ఉంది. డైరెక్టరు, ఎడిటరు, రచయితలు అందరూ ఆ షాట్‌ని వందలసార్లు చూసి ఉంటారు, ప్రతిసారీ ఆ మొహాన్నే. షో నడిపిన ఇద్దరిలో ఒకడైన డి.బి.వైస్ తర్వాత చెప్పింది కూడా ఇదే: మొదట ఎవరో ఫోటోషాప్‌లో చేసిన చిలిపి పని అనుకున్నాడట, టీవీలో చూశాక ఇది నాకెలా కనపడలేదు అని బిత్తరపోయాడట. తమ పరిస్థితి గొరిల్లా ప్రయోగంలో కూర్చున్నవాళ్లలా ఉందన్నాడు.

ఆ ప్రయోగం తెలియని వాళ్లకోసం. 1999లో డేనియల్ సైమన్స్, క్రిస్టఫర్ చాబ్రిస్ అనే ఇద్దరు మనస్తత్వ శాస్త్రవేత్తలు ఒక వీడియో చూపించారు. తెల్ల చొక్కాల వాళ్లు బంతి ఎన్నిసార్లు మార్చుకున్నారో లెక్కపెట్టమన్నారు. మధ్యలో గొరిల్లా వేషం వేసుకున్న మనిషి నడుచుకుంటూ వచ్చి, గుండెలు బాదుకుని, వెళ్లిపోతుంది. చూసినవాళ్లలో దాదాపు సగం మందికి గొరిల్లా కనపడలేదు. కళ్లు బాగానే ఉన్నాయి, పనిలో ఉన్నాయి.

పుస్తకంలో చదివినప్పుడు నేనూ నమ్మలేదు. మా పిన్ని కొడుకు ఒక డైలీ సీరియల్‌లో అసిస్టెంట్ డైరెక్టరు, కంటిన్యుటీ, అంటే షాటుకీ షాటుకీ అన్నీ సరిపోయేలా చూసే పని, వాడిదే. ఒకసారి వాడి వెంట షూటింగ్ హౌస్‌కి వెళ్లాను. అత్తగారు హాల్లో నిలబడి కోడల్ని నిలదీసే సీను. పొద్దున తొమ్మిదింటికి సీనంతా కనపడే మాస్టర్ షాటు, భోజనాలయ్యాక క్లోజప్పులు. తెర మీద అంతా రెండు నిమిషాలు, అక్కడ ఆరు గంటలు. ఆ ఆరు గంటల్లో అత్తగారి జడలో మల్లెపూలు ఏమవుతాయి? పొద్దున మొగ్గలు, మధ్యాహ్నానికి విచ్చుకుని అంచులు గోధుమరంగు. అందుకని వాడు అదే పొడుగు దండ ఇంకోటి తడిగుడ్డలో చుట్టి ఫ్రిజ్‌లో పెట్టించాడు. ఫోన్‌లో ఆవిడ ఫోటోలు నలభై ఉంటాయి: ఎడమ చేతికి ఎన్ని గాజులు, పైట మీద బ్రోచ్ ఏ మడతలో ఉంది, బొట్టు కింద కుంకుమ ఎంత. క్లోజప్ ముందు ఆవిడ "ఏరా నాన్నా, తాళాలగుత్తి కుడివైపా?" అని అడిగితే ఫోన్ చూడకుండానే "ఎడమే అమ్మా, రెండు తాళాలు బయటికి" అన్నాడు.

మూడు షాట్లయ్యాక కెమెరామన్ మానిటర్ చూసి, "ఆ కిటికీ గట్టు మీద నల్ల ఫ్లాస్కు ఎవరిదయ్యా?" అన్నాడు. మావాడిదే. పొద్దున వాడే పెట్టాడు. పువ్వు వాడిపోవడం కనపడిన కళ్లకి సొంత ఫ్లాస్కు కనపడలేదు. ఎందుకంటే వాడు వెతుకుతున్నది మారినవాటిని, ఫ్లాస్కు మారలేదు. ప్రతి షాట్‌లోనూ అక్కడే బుద్ధిగా ఉంది.

వింటర్‌ఫెల్ కప్పుకీ ఇదే వర్తిస్తుందని నా అనుమానం. ఇంకో తమాషా, షో నడిపిన ఆ ఇద్దరూ, బెనియాఫ్, వైస్, ఆ విందులోనే వెనక అడవి మనుషుల వేషాల్లో ఉన్నారు. అంటే గుడ్డివాళ్ల లెక్కలో అక్కడే కూర్చున్న రచయితల్నీ కలుపుకోవాలి.

దీనికి తోడు, ఎడిటింగ్ బల్ల దగ్గర లెక్క వేరు. హాలీవుడ్ ఎడిటర్ వాల్టర్ మర్చ్ ఒక కట్ ఎక్కడ పడాలో నిర్ణయించడానికి ఆరు అంశాలకి మార్కులు వేశాడు. భావోద్వేగానికి 51 శాతం. తెరమీద మనుషులు నిజ స్థలంలో ఎక్కడ నిలబడ్డారో సరిపోవడానికి 4 శాతం, అది చిట్టచివరిది. ఆయన మాట్లాడింది మనుషుల స్థానం గురించే అయినా గ్లాసులకీ కుర్చీలకీ అదే వరస. నటి కంట్లో నీరు సరిగ్గా తిరిగిన టేక్‌లో గ్లాసు సగం నిండి ఉండి, ముందు షాట్‌లో ఖాళీగా ఉంటే, ఎడిటర్ నీళ్లు తిరిగిన టేకే తీసుకుంటాడు. తెలిసే తీసుకుంటాడు. నా నోట్సులో "తప్పులు" అని రాసుకున్న వాటిలో చాలా భాగం ఇలాంటివేనని అర్థమయ్యాక ఆ కాలమ్ శీర్షిక కొట్టేసి "మార్పులు" అని రాసుకున్నాను.

కప్పు హీరోయిన్‌దేనా? ఇది చిన్నది. అదే సిరీస్‌లో నటించిన సోఫీ టర్నర్ ఒక టీవీ షోలో ఎవరి ముందుందో చూడండి, ఎమీలియాదే (డెనేరిస్ వేషం ఆవిడదే) అంది. కొన్నాళ్లకి ఇంకో షోలో జాన్ వేషం వేసిన కిట్ హారింగ్టన్‌ది అంది. 2019 అక్టోబర్‌లో ఎమీలియా క్లార్క్ మాత్రం, వేరిస్ అనే సలహాదారు వేషం వేసిన కాన్లెత్ హిల్ తనే ఒప్పుకున్నాడని చెప్పింది. ముగ్గురు అనుమానితులు, ఒక కప్పు. పోస్టు రాసినాయన మాత్రం తీర్పు ఇచ్చేశాడు.

జేమీ చెయ్యి గురించి నాకు కాస్త బాధగా కూడా ఉంది, ఎందుకంటే ఇది చూసుకుంటే ఐదు నిమిషాల్లో తేలే విషయం. జేమీ ఆ కథలో ఒక కత్తి వీరుడు, 3వ సీజన్లో అతని కుడిచెయ్యి నరికేస్తారు, తర్వాత బంగారపు చెయ్యి తగిలించుకుంటాడు. 8వ సీజన్ 5వ ఎపిసోడ్ వచ్చాక బయటికొచ్చిన ఒక ఫోటోలో రాణి సెర్సీని కావలించుకున్న అతని కుడిచెయ్యి మామూలు చెయ్యే. కానీ అది ప్రచారం కోసం విడుదల చేసిన స్టిల్లు. ఎపిసోడ్‌లో అదే కౌగిలిలో బంగారపు చెయ్యి చక్కగా ఉంటుంది. స్టిల్ ఫోటోగ్రాఫర్ తీసిన బొమ్మ వేరు, మూవీ కెమెరా తీసినది వేరు. స్టిల్లులో ఉన్నది సినిమాలో ఉండితీరాలని లేదని వాల్‌పోస్టర్లు చూస్తూ పెరిగిన తెలుగువాళ్లకి చెప్పాలా?

ఫ్రెండ్స్ అనే అమెరికన్ కామెడీ సిరీస్ మాట కొంచెం నిజం, కొంచెం అన్యాయం. కొన్ని షాట్లలో అంచున అసలు నటి కాకుండా స్టాండ్-ఇన్, అంటే ఆమె బదులు ఆ చోట కూర్చోబెట్టే మనిషి, కూర్చుని ఉండటం నిజమే. కానీ 1994 నుంచి 2004 దాకా ఆ షో ప్రసారమైంది దాదాపు చదరంగా ఉండే పాత టీవీల కొలతలో, 4:3లో. తీసింది 35 ఎంఎం ఫిల్ము మీద. ఫిల్ము మీద పక్కల ఇంకా చోటుంది, ఆ చోటు ఎవరి ఇంట్లోనూ కనపడదు కాబట్టి అక్కడ ఎవరు కూర్చున్నా ఫరవాలేదు. ఏళ్ల తర్వాత బ్లూ-రే డిస్కుల కోసం ఫ్రేముని వెడల్పు తెరకి పెంచినప్పుడు దాక్కున్న ఆ పక్కలు బయటపడ్డాయి. అది అప్పటి సెట్ వాళ్ల అజాగ్రత్త కాదు. మన ఇంటి గోడ పక్కవాళ్లు పడగొట్టేసి, బనీను మీద తిరుగుతున్నావేమిటని మనల్నే అడిగినట్టుంది.

అదే షోలో మోనికా అనే పాత్ర ఉండే ఫ్లాట్ నంబరు 5 నుంచి 20కి, ఎదుటి ఫ్లాట్ 4 నుంచి 19కి మారింది. తప్పుల జాబితాల్లో ఇదెప్పుడూ పై వరసలో ఉంటుంది. కిటికీలోంచి చూస్తే అంత ఎత్తులో ఉన్న ఇంటికి 5 ఎలా ఉంటుందని వాళ్లకే తట్టి సరిచేసుకున్నారు. సరిదిద్దినదాన్ని తప్పు అంటే ఎలా? ప్రకటనల ఆఫీసు కథ మ్యాడ్ మెన్ సిరీస్‌లోనూ ఇలాంటిదే ఒకటి ఉంది. కథ 1960లో మొదలవుతుంది, ఆఫీసు బల్లల మీద ఐబీఎం సెలెక్ట్రిక్ టైప్‌రైటర్లు. అవి మార్కెట్లోకి వచ్చింది 1961 జూలైలో. తెలిసే పెట్టామని షో వాళ్లే ఒప్పుకున్నారు. నాకు నచ్చలేదు, కానీ అది ఎంపిక, మతిమరుపు కాదు.

పోస్టులో లేని ఒక నిజమైన తప్పు నేనే అందిస్తాను, ఈసారి కొత్త పేరాకి పనికొస్తుంది. కప్పు గొడవ జరిగిన రెండు వారాలకి, 2019 మే 19న, గేమ్ ఆఫ్ థ్రోన్స్ చివరి ఎపిసోడ్ వచ్చింది. స్పెయిన్‌లో పాత రోమన్ శిథిలాల మధ్య తీసిన సభ సీను, ప్రభువులందరూ వరసగా కుర్చీల్లో. కప్పుకైతే మొహం మీద దృష్టి అని సాకు చెప్పాను, చీకటి, కొవ్వొత్తులు అని కూడా అనొచ్చు. ఇది పట్టపగలు, కుర్చీల కింద నేల తేటగా కనపడుతోంది, పైగా లోకమంతా అప్పటికే బల్లల కింద వెతుకుతోంది. సామ్ అనే పాత్ర కాలి వెనక ప్లాస్టిక్ నీళ్ల సీసా. ఇంకొంచెం ఆగి చూస్తే డావోస్ అనే ఇంకో పాత్ర పాదం దగ్గర ఇంకోటి.