ఓటుకు విమానం టికెట్టా?

రాయచోటి నుంచి కువైట్ వెళ్లి ఇంటిపని చేసే మహిళకూ, జగిత్యాల నుంచి దుబాయ్ వెళ్లిన తాపీ మేస్త్రీకీ ఓటు హక్కుంది. ప్రజాప్రాతినిధ్య చట్టానికి 2010లో చేసిన సవరణ ఆ హక్కు ఇచ్చింది. ఫారం 6ఎ నింపితే పాస్‌పోర్టులోని చిరునామా ప్రకారం సొంతూళ్లో పేరు ఎక్కుతుంది. ఓటు వేయాలంటే మాత్రం పోలింగ్ రోజున ఒరిజినల్ పాస్‌పోర్టుతో ఆ ఊరి బూత్‌కే రావాలి.

ఫలితం ఊహించలేనిదేమీ కాదు. ప్రవాస భారతీయులు 1.3 కోట్లకు పైనే ఉన్నారు. 2024 లోక్‌సభ ఎన్నికల నాటికి ప్రవాస ఓటర్లుగా నమోదైనవారు 1.19 లక్షలు. ఓటేసింది 2,958 మంది, వారిలో 2,670 మంది కేరళవాళ్లే. ఆంధ్రప్రదేశ్‌లో 7,927 మంది నమోదైతే బూత్ దాకా వచ్చింది 195 మంది. అమెరికా నుంచి విమానాలు దిగి ఓటేసి వెళ్లినవాళ్ల గురించి ఆ ఏడాది మే నెలలో పత్రికలన్నీ రాశాయి, మేమూ రాశాం. సెలవు దొరకనివాళ్ల గురించి రాసింది తక్కువ.

అదే కువైట్‌లో మన రాయబార కార్యాలయ ఉద్యోగి సర్వీసు ఓటరు. అతడికి పోస్టల్ బ్యాలెట్ ఆన్‌లైన్‌లోనే వస్తుంది. ప్రింట్ తీసి, ఓటేసి, తపాలాలో పంపిస్తే సరిపోతుంది. ఒకే ఊళ్లో ఉన్న ఇద్దరు భారత పౌరులకు రెండు రూల్సు. సర్కారు నౌకరీకి, కూలి పనికి ఓటు విషయంలో తేడా ఎందుకుండాలో ఏ ప్రభుత్వమూ సరిగ్గా చెప్పలేదు.

మార్చే ప్రయత్నాలు జరగకపోలేదు. మరొకరి చేత ఓటేయించే ప్రాక్సీ పద్ధతికి 2018లో లోక్‌సభ ఆమోదం తెలిపింది. రాజ్యసభ గడప దాటకుండానే, మరుసటి ఏడాది సభ రద్దవడంతో బిల్లు మురిగిపోయింది. అందుకు మాకు పెద్దగా బాధ లేదు. తన ఓటును బావమరిది చేతిలోనో, ఊరి నాయకుడి చేతిలోనో పెట్టి నమ్మమంటే ఎలా? 2020లో ఎన్నికల సంఘమే సర్వీసు ఓటర్ల పద్ధతిని ప్రవాసులకూ వర్తింపజేస్తామని న్యాయశాఖకు రాసింది. అది ఇంకా అమలు కాలేదు.

ఆ పద్ధతిలోనూ చిక్కులున్నాయి. లేబర్ క్యాంపులో ఒక గదిలో పదిమంది ఉంటారు. ప్రింటర్ ఎక్కడ? రహస్యం ఎక్కడ? పక్కన సూపర్‌వైజరో, ఏజెంటో నిలబడితే అది ఎవరి ఓటు? పైగా టైమ్ సరిపోదు. అభ్యర్థుల జాబితా తేలాకే బ్యాలెట్ పంపగలరు. 2023 తెలంగాణ శాసనసభ ఎన్నికల్లో నామినేషన్ల ఉపసంహరణ గడువు నవంబరు 15న ముగిస్తే, ఓట్ల లెక్కింపు డిసెంబరు 3న జరిగింది. మధ్యలో 18 రోజులు. ఎడారి మధ్య క్యాంపు నుంచి వేసిన కవరు ఆలోగా సిరిసిల్ల చేరుతుందని ఎవరు హామీ ఇస్తారు?

అందుకే బ్యాలెట్ పెట్టె రాయబార కార్యాలయంలోనే పెట్టాలని మా అభిప్రాయం. ఫిలిప్పీన్స్ 2003లో చట్టం చేసి, 2004 నుంచి తన ప్రవాసులతో ఓటేయిస్తోంది. వాళ్ల ఇంటిపనివాళ్లూ, కార్మికులూ పనిచేసేది మనవాళ్లున్న గల్ఫ్ దేశాల్లోనే. ఒక్క రోజు కాదు, దాదాపు నెల రోజులు ఓటింగ్ సాగుతుంది. ఏదో ఒక శుక్రవారం వీలు చిక్కుతుంది. మన గడువుల్లో నెల కుదరదు, వారం పది రోజులైనా ఇవ్వొచ్చు. వేసిన ఓట్లను దౌత్య సంచుల్లో, అంటే రాయబార కార్యాలయాలు వాడే సీలు వేసిన సంచుల్లో, పంపితే తపాలా టెన్షన్ తప్పుతుంది. ఆ దేశాల అనుమతి కావాలన్నది నిజమే, అడగాల్సింది మన విదేశాంగ శాఖే.

ప్రపంచమంతటా ఒకేసారి చేయక్కర్లేదు. కువైట్, దుబాయ్, రియాద్, దోహాలతో మొదలుపెట్టొచ్చు. తెలంగాణ శాసనసభకు మళ్లీ ఎన్నికలు జరగాల్సింది 2028 చివర్లో. చట్టం సవరించి, పెట్టెలు సర్దడానికి ఆ వ్యవధి చాలు.